కండ్లమ్మ కంబళి

"కండ్లమ్మ పోయింది సార్," అంది కదిరి నుంచి ఫోనులో ఒక ఆడగొంతు. "ఆమె చెప్పి పెట్టినట్టే ఫ్యాను ఆపేసి, మూసిన కండ్ల మింద తడి దూది పెట్టి, అనంతపురం కండ్ల బ్యాంకుకు ఫోను చేసినాం. వాళ్లొచ్చి కండ్లు తీసుకోని పోయినారు. ఇంగ మీకొక్కరికే చెప్పాల్సి ఉండింది."

మాట్లాడింది ఆమె అద్దెకున్న ఇంటి యజమానురాలు. మధ్యాహ్నం బస్సుకు నేను కదిరి చేరేసరికి ఆ ఇంటి ముందు ముగ్గురున్నారు. యజమానురాలు, ఆమె భర్త, ఆసుపత్రిలో కండ్లమ్మతో కలిసి పనిచేసి రిటైరైన ఒక నర్సు. నాతో కలిపి నలుగురం. పురోహితుడు లేడు, అది ఆమె కోరిక. జనం లేరు, అది ఆమె కోరిక అని నేను అనుకోను.

ముప్పై ఏళ్లపాటు ఈ కరువు నేల మీద ఊరూరా తిరిగి, ఒక్కొక్క మనిషి మొహానికి బెత్తెడు దూరంలో తన మొహం పెట్టి కళ్లలోకి చూసిన మనిషి. అంతమందిని అంత దగ్గరగా చూసినవాళ్లు ఈ చుట్టుపక్కల ఇంకొకరు ఉండరు. ఆమె పోతే నలుగురం. "ఆమె రాత అంతే సార్" అన్నాడు యజమానురాలి భర్త. రాత అనేవాళ్లతో నాకు జీవితమంతా పేచీ. రాత కాదు, మనం చేసిన పని. అందులో నా వాటా ఎంతో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

కండ్లమ్మ అనేది ఊళ్లు ఆమెకు పెట్టుకున్న పేరు. ఆమె డాక్టరు కాదు. ప్రభుత్వ ఆసుపత్రిలో కంటి పరీక్షలు చేసే ఉద్యోగి. అద్దాల నంబరు చూడడం, శుక్లాలు ముదిరినవాళ్లను ఏరి ఆపరేషనుకు పంపడం, కాగితం మీద ఆమె పని అంతే. కానీ ఆమె భుజాన వేలాడే ఖాకీ సంచిలో టార్చిలైటు పిడిలాంటి చిన్న పరికరం ఒకటి ఉండేది. ఆఫ్తాల్మోస్కోపు. ఊళ్లలో దాన్ని ఉత్త "లైటు" అనేవాళ్లు. దాని తలలో ఒక సన్నని రంధ్రం, పక్కన వేలితో తిప్పే చిన్న చక్రం. ఆ రంధ్రానికి తన కన్ను ఆనించి ఎదుటివాళ్ల కంటిపాపలోకి వెలుతురు పంపితే కంటి వెనక గోడ కనిపిస్తుంది. దాని మీద పాకే రక్తనాళాలు కనిపిస్తాయి. అవన్నీ వచ్చి చేరే చోట, మెదడులోకి పోయే నరం మొన కనిపిస్తుంది. చర్మం కోయకుండా మనిషి లోపలి నరాన్ని, నెత్తురు దారుల్ని నేరుగా చూడగలిగిన చోటు కన్ను ఒక్కటే.

"దేవుడు యాడుండాడో నాకు తెల్దు గానీ, నెత్తురు యాడ పారుతాందో చూపిస్తా రా అన్నా" అనేది నాతో.

దీనికి చీకటి కావాలి. చీకట్లోనే కంటిపాప విచ్చుకుంటుంది. ఊళ్లలో చీకటిగది ఎక్కడిది? ఆమె పరీక్షలు చేసేది బడి వరండాల్లో, పాలకేంద్రం అరుగుల మీద. మా ఎండ రేకుల కప్పు సందుల్లోంచి కూడా సూదుల్లా దిగుతుంది. అందుకని ఆమె ఒక ఉపాయం కనిపెట్టింది. గొర్రెలకాపరులు భుజాన వేసుకునే నల్ల కంబళి. దాన్ని రోగి తల మీదుగా, తన తల మీదుగా కప్పేసేది. లోపల ఇద్దరు మనుషులు, ఒక వెలుతురు చుక్క. బయట ఊరంతా.

బయటి సంగతి తర్వాత చెప్తాను. ముందు లోపలి సంగతి.

కంబళి కప్పే ముందు ఒక లవంగం నోట్లో వేసుకునేది, తన ఊపిరి ఎదుటివాళ్లకు ఇబ్బంది కాకూడదని. వాళ్ల కుడి కంటిని తన కుడి కంటితో, ఎడమ కంటిని ఎడమ కంటితో చూసేది. లేకపోతే ముక్కులు ఢీకొంటాయి. బొటనవేలితో రెప్పను మెల్లిగా పైకెత్తి పట్టుకునేది. చూసినంతసేపూ ఊపిరి బిగబట్టేది. చక్రం టిక్కు టిక్కుమని తిరిగేది. రోగి లైటు వైపు చూడకూడదు, దూరంగా చూడాలి. కంబళిలో దూరం ఎక్కడుంది? అందుకని ఆమె ఒక్కొక్కరికి ఒక్కొక్క దూరం చెప్పేది.

"పెద్దాయనా, నీ శెనక్కాయ చేను కనబడతాందా? గట్టు మింద ఎవురో నిలబడుకోనుండారు. ఎవురో గుర్తుపట్టు."

ధర్మవరం నుంచి వచ్చిన నేతగాడికి, "మగ్గం దిగి ఒగసారి బయటికి రాప్పా. ఆ సందు చివర టీ అంగడి చూడు."

"అవ్వా, నీ కోడలు నీళ్లకు పోయింది. వస్తాందేమో చూడు."

"ఆ మహాతల్లి యాడొస్తాది మేడం! కొళాయి కాడ మాటలు పెట్టుకోని ఉంటాది" అని కంబళిలోంచి అవ్వ గొంతు. బయట నవ్వులు. ఆ నవ్వుల మధ్యే పని అయిపోయేది.

ఆమె నాకు పరిచయమైంది ఒక సామి పుణ్యాన. ఈ మాట ఆమెదే. చిలమత్తూరు దగ్గర ఒక ఊళ్లో ఒకడు నాలుకతో కంట్లోంచి రాళ్లు తీస్తున్నాడని పేరు పుట్టింది. కర్ణాటక ఊళ్ల నుంచి కూడా జనం వచ్చేవాళ్లు. మా హేతువాద సంఘం మిత్రులం పోయి, పని మొదలుపెట్టే ముందు నోరు పుక్కిలించమని పట్టుబట్టాం. సన్న గులకరాళ్లు నీళ్లతోపాటు నేల మీద పడ్డాయి. మేం గెలిచాం. కేకలు వేశాం, ఫొటోలు తీసుకున్నాం. అప్పుడు జనం వెనక నుంచి ఒక ఆడమనిషి ముందుకు వచ్చింది. సన్నటి మనిషి, ఎండకు కమిలిన మొహం, ముతక నూలు చీర, భుజాన ఖాకీ సంచి.

"రాళ్లు దొరికినాయి, బాగుండాది. వీళ్ల కండ్లు ఎవురు చూస్తారన్నా? ఏదో ఒగ బాధ ఉంటేనే కదా ఈడికొచ్చినారు?"

అబద్ధాన్ని పట్టుకోవడం మాకు తెలుసు. ఆ అబద్ధం దగ్గరికి మనిషి ఏ నొప్పితో నడిచి వచ్చాడో అడగడం తెలియదు. మేం కరపత్రాలు పంచుతుంటే ఆమె అక్కడే కంబళి విప్పి పొద్దుగూకే దాకా ఒక్కొక్కరినీ చూసింది. ఆ తర్వాత చాలా ఊళ్లకు కలిసి పోయాం. నేను మాట్లాడేవాణ్ణి. ఆమె చూసేది.

ఇక బయటి సంగతి. ఆడమనిషి, ఒంటరిది. మగవాళ్ల మొహంలో మొహం పెడుతుంది, అదీ కంబళి కప్పుకొని. ఊరికి ఇంతకన్నా ఏం కావాలి?

"ఏమప్పా, రెండు కండ్లూ చూసిందా, ఒగటేనా?"

"ఒగటే చూసింది మామా. రెండోదానికి రేపు రమ్మన్నాది!"

ఆమె కంబళి తొలగించి, నవ్వుతున్నవాణ్ణే వేలు చూపించి పిలిచేది. "నువ్వు రాప్పా. నీ నోరు బాగానే ఉండాది, కండ్లు ఎట్లుండాయో చూస్తా." నవ్వు అటు నుంచి ఇటు తిరిగేది. ఇలాంటి జవాబులు ఆమె దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉండేవి. ఇంటికి పోయి తలుపు వేసుకున్నాక ఆ మాటలన్నీ ఏమయ్యేవో నాకు తెలియదు. నేను అడగలేదు.

ఊరివాళ్లను వదిలేయండి. మా సంఘం మిత్రుడొకడు, స్త్రీ స్వేచ్ఛ మీద గంటసేపు ఆగకుండా మాట్లాడగలవాడు, ఒకరోజు తిరుగు బస్సులో నా చెవిలో అన్నాడు. "కంబళి కింద ఏం శాస్త్రం జరుగుతాందన్నా?" నేను నవ్వాను. ఆమె రెండు సీట్ల ముందు కిటికీ వైపు తిరిగి కూర్చుని ఉంది. వినిపించిందో లేదో తెలియదు. నిప్పుల మీద నడిచేవాళ్ల కాళ్లు ఎందుకు కాలవో ఎన్నో సభల్లో విడమరిచి చెప్పినవాణ్ణి. ఆ ఒక్క నవ్వు మాత్రం నన్ను ఇప్పటికీ కాలుస్తుంది.

కదిరి అవతల ఒక ఊళ్లో లైటు చూపును పీల్చేస్తుందని పుకారు పుట్టింది. ఎవరూ ముందుకు రాలేదు. నాకు ఇలాంటి సందర్భాలంటే ఉత్సాహం. "ముందు నా కండ్లు చూడమ్మా, అందరూ చూస్తారు" అని అరుగు మీద కూర్చున్నాను. కంబళి కప్పింది. ఉన్ని వాసన, లవంగం వాసన.

"దూరంగా చూడన్నా. మీటింగులో ఆఖరి వరసలో ఒగడు ఆవులిస్తాండాడు. వాణ్ణి చూడు."

నాకు నవ్వొచ్చింది.

"నవ్వద్దు. కన్ను అదురుతాది."

కుడి కన్ను త్వరగానే అయింది. ఎడమ కంటి దగ్గర ఆగింది. చక్రం ముందుకు తిరిగింది, వెనక్కి తిరిగింది. ఆమె ఊపిరి విడిచి మళ్లీ బిగబట్టింది. మళ్లీ కుడి కన్ను. మళ్లీ ఎడమ. తర్వాత కంబళి తీసి, "చూసినారా, ఆయప్పకు ఏమీ కాలేదు, రాండి" అని జనాన్ని పిలిచింది.

నాతో చెప్పింది సాయంత్రం, బస్సు కోసం నిలబడినప్పుడు.

"అన్నా, నీ ఎడమ కంట్లో నరం గుంట పడతాండాది. కుడిదాంట్లో తక్కువ. అనంతపురం పోయి పెద్ద డాక్టరుకు చూపించుకో. ఊరికే వదిలితే పక్కల నుంచి తినుకుంటా వస్తాది, చెద మాదిరి. వాకిలి తలుపు మింద రంగు అట్లే ఉంటాది. లోపల కొయ్య ఉండదు."

పుస్తకాల్లో ఆ జబ్బును నీటికాసులు అంటారు, డాక్టర్లు గ్లకోమా అంటారు. ఆమె చెద అనేది.

నేను సంచిలోంచి దినపత్రిక తీశాను. కుడి కన్ను మూసుకుని, టెండరు ప్రకటనలోని చీమతలకాయంత అక్షరాలను గడగడా చదివాను.

"నొప్పుందా? లేదు. మసకుందా? లేదు. నీకు తప్ప ఇంకెవరికీ కనబడని గుంట నా కంట్లో ఉందంటావు, నమ్మమంటావు. మరి ఆ రాళ్ల సామికీ నీకూ తేడా ఏమమ్మా?"

అక్షరాలా ఇలాగే అన్నాను. బస్సు కోసం నిలబడినవాళ్లు నవ్వారు. ఎదుటివాళ్ల నోరు మూయించడం నాకు కుర్రతనం నుంచి అలవాటైన విద్య.

ఆమె కాసేపు నా మొహంలోకి చూసింది. "సరేన్నా, నువ్వే గెల్చినావు" అంది. "మళ్లీ అడుగుతా."

తేడా నాకు తెలియక కాదు. సామి తనను నమ్మమంటాడు. ఆమె, పోయి ఇంకొకరితో చూపించుకొమ్మంది. తన మాటను పరీక్షకు పెట్టమంది. హేతువాదమంటే ఇంతకన్నా ఏముంది? జనానికి ఏళ్ల తరబడి నేను చెప్పుకొచ్చింది అదే. నా ఒంటి మీదికి వచ్చేసరికి, కనబడతాంది కాబట్టి బాగుంది అనే పల్లెటూరి నమ్మకాన్ని పట్టుకుని వేలాడాను. పైగా దానికి తర్కమని పేరు పెట్టాను.

ఆమె మళ్లీ అడిగింది. కలిసినప్పుడల్లా అడిగింది. కలవనప్పుడు ఫోను చేసి అడిగింది. "పోయినావా అన్నా?" "పోతాలేమ్మా." అంతే. రెండు మాటల సంభాషణ.

ఒకసారి పనిమీద కదిరి పోయి, ఆమె ఇంటికి వెళ్లాను. ఒక గది, చిన్న వంటిల్లు. గోడకు దేవుడి పటం లేదు, మనిషి పటమూ లేదు. కన్నును నిలువునా కోస్తే ఎలా ఉంటుందో చూపే రంగుల బొమ్మ మాత్రం ఉంది. కాఫీ కలిపింది గానీ, రెండో గ్లాసు కోసం చాలాసేపు వెతికింది. చివరికి అటక మీద డబ్బాలో దొరికింది. దుమ్ము కడిగి, కాఫీ పోసి ఇచ్చింది.

ఏదో ఒకటి మాట్లాడాలని, "అందరి కండ్లూ నువ్వు చూస్తావు. నీ కండ్లలోకి ఎవరు చూస్తారమ్మా?" అన్నాను.

"చదువుకునేటప్పుడు పక్క పిల్ల చూసింది, నేర్చుకునేకి. మళ్ల ఎవురూ చూడలేదు." నవ్వింది. "నేను ఇంత దగ్గరికి పోతా కదా, ఒగరూ నా పక్క చూడరు. దూరంగా చూడమని నేనే చెప్తా కదన్నా."

తర్వాత సంచిలోంచి పరికరం తీసి నా చేతిలో పెట్టింది. "నువ్వు చూడు."

కిటికీకి కంబళి కట్టింది. ఎలా పట్టుకోవాలో, చక్రం ఎలా తిప్పాలో చెప్పింది. కుర్చీలో కూర్చుని దూరంగా చూపు నిలిపింది. చేయి చాపినంత దూరం నుంచి చూస్తే ఆమె కంటిపాప నిప్పుకణికలా ఎర్రగా వెలిగింది. ఆ ఎరుపును వదలకుండా ఇంకా దగ్గరికి పోవాలి. పోబోతూ తలుపు వైపు చూశాను. తెరిచి ఉందా, బయట ఇంటివాళ్లు తిరుగుతున్నారా అని.

"తలుపు పక్క ఎందుకు చూస్తాండావన్నా?" అంది, చూపు కదపకుండానే. "కంట్లో చూడు."

వంగాను. ఆ ఎరుపు తప్ప ఏమీ కనిపించలేదు.

"ఏం కనబడింది?"

"ఎర్రగా ఉందమ్మా."

"అంతేనా?"

"అంతే."

పరికరం తీసుకుని, లైటు ఆర్పి, గుడ్డతో తుడిచి సంచిలో పెట్టుకుంది. "ఎర్రగా ఉండాది అంటే బతికుండాదని. సరే" అంది. కిటికీకి కట్టిన కంబళి విప్పింది. ఆమె పోయిన రోజు అనంతపురం నుంచి వచ్చినవాళ్లు ఆ కళ్లను లైటు వేసి శ్రద్ధగా చూసే ఉంటారు. చూడమని ఆమె నోరు తెరిచి అడిగిన రోజున, చూడాల్సినవాడు తలుపు వైపు చూశాడు.

మరి కొన్నేళ్లకు అనంతపురంలో రోడ్డు దాటుతుంటే ఎడమవైపు నుంచి వచ్చిన ఆటో నన్ను పడగొట్టింది. "కండ్లు కనబడవా పెద్దాయనా!" అని అరిచాడు ఆటోవాడు. దెబ్బ చిన్నదే. పెద్దది ఆ ప్రశ్న. ఇంటికొచ్చి కుడి కన్ను మూసుకుని దినపత్రిక పట్టుకున్నాను. అక్షరం కనిపిస్తోంది. అక్షరం చుట్టూ లోకం లేదు.

పోయిన చూపు రాదన్నారు డాక్టరు. కుడి కన్నైనా మిగలాలంటే జీవితాంతం చుక్కల మందు వేసుకోవాలన్నారు. ఆ సంగతి చెప్పడానికి కదిరి పోయాను. "నేను చెప్పలేదా" అని ఆమె అనాలని కోరుకున్నాను. అంటే కొంత బరువు తీరేది. ఆమె అనలేదు.

"కుడిది ఉండాది కదన్నా. రాత్రి చుక్కలు మానద్దు" అని కాఫీ కలపడానికి లేచింది. వంటింట్లో రెండు గ్లాసులు కడిగి బోర్లించి ఉన్నాయి.

ఆ రెండో గ్లాసు ఎప్పటి నుంచి అలా సిద్ధంగా ఉందో ఆలోచించాల్సింది. ఆలోచించలేదు. ఆ తర్వాత నేను ఆమె దగ్గరికి పోలేదు. దూరమని, కన్ను బాగాలేదని, పుస్తకం పని ఉందని. కారణాలు అల్లడంలో నన్ను మించినవాడు లేడు. అసలు సంగతి, ఓడిపోయిన చోటికి మళ్లీ పోవడం నాకు అలవాటు లేదు.

దహనమైపోయాక యజమానురాలు ఖాకీ సంచి తెచ్చి ఇచ్చింది. "మీకియ్యమని ఎప్పుడో చెప్పింది సార్." పరికరం, కంబళి, ఒక రూళ్ల నోటుబుక్కు. తిరుగు బస్సులో పుస్తకం తెరిచాను. ఒక్కొక్క మనిషికి ఒక్కొక్క పేజీ. చుక్కల మందు సీసా మూత పెట్టి పెన్సిలుతో గీసిన గుండ్రాలు రెండు, రెండు కళ్ల నరాలకు. ఒక్కోదాని లోపల చేత్తో గీసిన ఇంకో గుండ్రం, గుంటకు. పక్కన పేరు, ఊరు.

నా పేజీ దొరికింది. ఎడమ గుండ్రంలో గుంట ఎంత పెద్దదిగా ఉందో అప్పుడే గీసి పెట్టింది. కింద ఆమె చేతిరాత.

"వాదించినాడు. మళ్లీ అడగాల."

దాని కింద "అడిగినా." దాని కింద "అడిగినా." పేజీ సగం దాకా అదే మాట. తర్వాత "మందు ఏసుకుంటాండాడు." అన్నిటికన్నా కింద, వణికిన అక్షరాలతో, "ఈ మద్దె రాలేదు."

కుడి కన్ను ఏడవడానికి బాగానే పనిచేస్తోంది.

పేజీలు తిప్పుతూ పోయాను. చాలావాటిలో చివరి మాట "మందు ఏసుకుంటాండాడు" అనో, "ఆపరేషన్ అయింది" అనో ఉంది. కొన్నిటిలో లేదు. అలాంటి వాటిలో ఒక గొర్రెలకాపరి పేజీలో, "కంబళి ఇచ్చినాడు. ఆసుపత్రికి మాత్రం పోడంట. వాదించినాడు. మళ్లీ అడగాల." కింద నాలుగు సార్లు "అడిగినా."

పోయిన వారం ఆ ఊరికి పోయాను. గొర్రెలకాపరి ఊరి బయట బీడు నేలలో దొరికాడు. నా భుజాన ఖాకీ సంచి చూసి లేచి నిలబడ్డాడు. తర్వాత నన్ను చూశాడు.

"ఆయమ్మ రాలేదా?"

"పోయిందప్పా."

రాయి మీద కూలబడ్డాడు. నేను కంబళి తీసి ఇచ్చాను. తడిమి చూసుకున్నాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "లవంగాల వాసన ఇంగా పోలేదు సారూ" అన్నాడు.

"నీ కండ్ల సంగతి అడగమని నన్ను పంపింది" అన్నాను. నా జీవితంలో తెలిసి చెప్పిన అబద్ధాలు తక్కువ. ఇది అందులో ఒకటి.

"నా కండ్లకేమైంది? ఆ గుట్ట మింద పొట్టేలు చూడు. దాని చెవి కోసుండాది. నీకు కనబడతాందా?"

నాకు పొట్టేలే కనబడలేదు.

"నాకు చెవి కనబడతాంది. మళ్ల ఆసుపత్రికి ఎవురు పోవాల సారూ, నువ్వా నేనా?"

నా ఎడమ కంటి కథ మొత్తం చెప్పాను. చెద సంగతి చెప్పాను. నేనూ ఇలాగే వాదించానని, చెప్పాల్సిన చోట కూడా ఎప్పుడూ చెప్పుకోని మాట, ఆ బీట్లో అతనికి చెప్పాను. ఓపికగా విన్నాడు. తల ఊపాడు.

"నువ్వు సదువుకున్నోడివి సారూ. పేపర్లు సదివి సదివి పోయింటాది. నాకు ఒగ అచ్చరం రాదు. నా కండ్లు యాల పోతాయి?"

ఈ వాదనకు జవాబు నా దగ్గర పది రకాలుగా ఉంది. అతణ్ణి నోరెత్తనివ్వకుండా చేయగలను. చేస్తే ఏమవుతుందో నాకు తెలుసు.

"సరేప్పా, నువ్వే గెల్చినావు" అన్నాను. "మళ్లొచ్చి అడుగుతా."

నేను నాలుగడుగులు వేశాక వెనక నుంచి పిలిచి, కంబళి మడిచి నా చేతిలో పెట్టాడు. "మళ్లొస్తానంటివి కదా. పెట్టుకో."

రోడ్డు మీద బస్సు కోసం నిలబడి నోటుబుక్కు తెరిచాను. పేజీని కుడి కంటికి దగ్గరగా పెట్టుకుని, ఆమె అక్షరాల కింద పెన్సిలుతో రాశాను.

"కంబళి మళ్లీ ఇచ్చినాడు. వాదించినాడు. మళ్లీ అడగాల."